లైన్ తెగినా ఆగని పని

నిరుడు ఒక రాత్రి మా కొత్తపల్లె ఇంట్లో కూర్చుని, దాదాజాన్ వదిలివెళ్లిన ఉర్దూ కాగజాత్ స్కాన్లను అక్షరాలుగా మార్చే పని దూరపు సర్వర్‌లో మొదలుపెట్టి పడుకున్నాను. తెల్లారేసరికి నెట్ తెగి ఉంది, పనీ ఆగి ఉంది. ఎంతవరకు అయిందో హిసాబ్ లేదు. మెహనత్ అంతా బర్బాద్!

ఈ ముసీబత్ తారీఖ్ పాతదే. 1971లో అమెరికా బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ రాసిన యూనిక్స్ షెల్‌లో, కమాండ్ చివర & పెడితే పని వెనక నడిచేది; > పెడితే జవాబు ఫైల్‌లో చేరేది. ఆ జమానాలో టెర్మినళ్లు ఫోన్ లైన్ మీద కూడా కలిసేవి. లైన్ తెగితే ‘హ్యాంగప్’ సంకేతం అంది పని ఆగిపోయేది. అందుకే ‘నోహప్’ వచ్చింది: ఫోన్ పెట్టేసినా ఆగొద్దని హుకుం!

తప్పుల సందేశాలకు మొదట్లో వేరే రాస్తా లేదు. అచ్చుకు పంపిన పేజీలో అవే అచ్చయి వచ్చేవి. తర్వాత వాటిని విడదీశారు. రెండూ ఒకే ఫైల్‌లో కావాలంటే ఇప్పుడు > తో ఫైల్ పేరు రాసి, 2>&1 చేరుస్తాం.

నేనూ అలాగే చేస్తున్నాను. నెట్ పోయినా పొద్దున లాగ్ ఫైల్ హిసాబ్ చెబుతుంది. దాదాజాన్ రాత నా దగ్గర అమానత్ కదా!