ఈ.ఆర్.పి. వ్యవస్థల పరిణామం, అమలు: హెర్షీ సంస్థ అనుభవం - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఒక వ్యాపారసంస్థలోని కొనుగోళ్లు, ఉత్పత్తి, నిల్వలు, అమ్మకాలు, జీతాలు, పద్దులు అన్నింటినీ ఒకే సమాచారనిధితో అనుసంధానించే కంప్యూటర్ వ్యవస్థను ఎంటర్‌ప్రైజ్ రిసోర్స్ ప్లానింగ్ (ఈ.ఆర్.పి.) అంటారు. ఈ వ్యవస్థల చారిత్రక పరిణామాన్ని వివరించి, వాటి అమలులో ఎదురయ్యే చిక్కుకు మూలం యంత్రంలో కంటె సంస్థ పనితీరులోనే ఎక్కువగా ఉందని హెర్షీ సంస్థ అనుభవం ఆధారంగా చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఈ.ఆర్.పి., ఎం.ఆర్.పి., శాప్, అమలు, హెర్షీ, అమీర్‌పేట.

1. ప్రవేశిక:
గోదాములో ఉన్న సరుకు ఒకటే అయినా, దాని లెక్క గోదాము రిజిస్టరులో ఒకటిగా, అమ్మకాల విభాగంలో మరొకటిగా, ఆవర్జాలో ఇంకొకటిగా ఉండడం వ్యాపారలోకంలో పాత సమస్య. ఈ మూడింటి నడుమ పొంతన కుదర్చడానికి గుమాస్తాలు రోజుల తరబడి శ్రమించేవారు. ఈ సమస్యకు పరిష్కారంగానే ఈ.ఆర్.పి. రూపుదిద్దుకొంది.

2. ఎం.ఆర్.పి. నుండి ఈ.ఆర్.పి. వరకు:
1960లలో అమెరికాలో జోసెఫ్ ఓర్లికీ ముడిసరుకు అవసరాల ప్రణాళికాపద్ధతిని (ఎం.ఆర్.పి.) అభివృద్ధి చేశాడు. దీని మూలసూత్రం సరళమైనది. నూరు సైకిళ్లు తయారు కావాలంటే రెండువందల చక్రాలు కావాలి. కాబట్టి చక్రాల అవసరాన్ని పాత వాడకాన్ని బట్టి ఊహించనక్కరలేదు; సైకిళ్ల సంఖ్యనుండి గణించవచ్చు. ఈ పద్ధతిని వివరిస్తూ ఓర్లికీ రచించిన గ్రంథం 1975లో వెలువడింది. తరువాత ఆలివర్ వైట్ కృషితో యంత్రాల సామర్థ్యం, ఆర్థికలెక్కలు కూడా ఇందులో చేరి, ఇది ఎం.ఆర్.పి.-2గా విస్తరించింది. 1990లో గార్ట్‌నర్ సంస్థ ‘ఈ.ఆర్.పి.’ అనే పేరును వాడుకలోకి తెచ్చింది.

మరొకపక్క, 1972లో జర్మనీలో ఐ.బి.ఎం.ను విడిచివచ్చిన ఐదుగురు ఇంజనీర్లు శాప్ సంస్థను స్థాపించారు. ఇంపీరియల్ కెమికల్ ఇండస్ట్రీస్‌కు చెందిన నైలాన్ కర్మాగారం వారి తొలి ఖాతాదారు. ఒక్కొక్క సంస్థకు విడివిడిగా ప్రోగ్రాములు రాసే రోజులలో, అన్ని సంస్థలకూ పనికివచ్చే ప్రామాణిక సాఫ్ట్‌వేర్‌ను రూపొందించడం వారి ఆశయం. 1992లో వెలువడిన ‘ఆర్/3’ ఆ ఆశయాన్ని ప్రపంచవ్యాప్తం చేసింది.

3. మారవలసినది ఏది?
ప్రామాణిక సాఫ్ట్‌వేర్‌తోపాటే ఒక మౌలికప్రశ్న తలెత్తింది: సంస్థకు తగినట్లు సాఫ్ట్‌వేర్ మారాలా? సాఫ్ట్‌వేర్‌కు తగినట్లు సంస్థ మారాలా? ఇటువంటి వ్యవస్థ తన తర్కాన్ని సంస్థపై రుద్దుతుందని థామస్ డేవెన్‌పోర్ట్ 1998లోనే హెచ్చరించాడు. సంవత్సరాన్ని రెండంకెలలో రాసిన పాత ప్రోగ్రాములు 2000 సంవత్సరంలో విఫలమవుతాయనే భయం వల్ల, ఈ ప్రశ్నపై ఆలోచించే వ్యవధి లేకుండానే అనేక సంస్థలు కొత్త వ్యవస్థలవైపు పరుగెత్తాయి.

4. హెర్షీ అనుభవం:
చాక్లెట్ల తయారీలో పేరుపొందిన హెర్షీ సంస్థ సుమారు 11.2 కోట్ల డాలర్ల వ్యయంతో శాప్‌తోపాటు మరి రెండు సంస్థల సాఫ్ట్‌వేర్లను ఏకకాలంలో నెలకొల్పడానికి పూనుకొంది. నాలుగేళ్లు పట్టగల పనికి ముప్పై నెలలే గడువు విధించుకొంది. వ్యవస్థ 1999 జూలైలో ప్రారంభమైంది. అక్టోబరు చివర వచ్చే హాలోవీన్ పండుగకు దుకాణాలనుండి మిఠాయిల ఆర్డర్లు వెల్లువెత్తే కాలమది. సరుకు సిద్ధంగా ఉన్నా దుకాణాలకు చేరలేదు. ఆ త్రైమాసికంలో సంస్థ లాభం 19 శాతం తగ్గింది.

ఈ వైఫల్యాన్ని పరిశీలించినవారు చూపిన ఒక కారణం గమనార్హం. రద్దీకాలంలో సిబ్బంది అదనపు సరుకును అందుబాటులో ఉన్న తాత్కాలిక స్థలాలలో ఉంచేవారు. ఆ సంగతి పాత ఉద్యోగులకు తెలుసు. కాని ఆ స్థలాలు కొత్త వ్యవస్థలో నిల్వస్థానాలుగా నమోదు కాలేదు. కంప్యూటర్ దృష్టిలో అక్కడి సరుకు లేనట్టే.

2002లో అదే సంస్థ శాప్ కొత్త కూర్పుకు సాఫీగా మారగలగడం, లోపం సాఫ్ట్‌వేర్‌లో మాత్రమే లేదనడానికి నిదర్శనం.

5. తెలుగువారితో అనుబంధం:
ఈ వ్యవస్థల వ్యాప్తి తెలుగునాట కొత్త ఉపాధిమార్గాన్ని తెరిచింది. హైదరాబాదులోని అమీర్‌పేట శిక్షణకేంద్రాలలో శాప్ నేర్చుకొన్న తెలుగు యువత దేశవిదేశాలలోని సంస్థలలో ఈ వ్యవస్థల అమలులో పాలుపంచుకొంది. సాఫ్ట్‌వేర్‌ను తరగతిగదిలో నేర్చుకోవచ్చు. ఒక గోదాములోని వాడుకలను మాత్రం అక్కడ పనిచేసేవారినుండే తెలుసుకోవాలి.

6. ముగింపు:
• ఈ.ఆర్.పి. చరిత్ర ఊహస్థానంలో గణనను నిలిపే ప్రయత్నంతో మొదలై, సంస్థ మొత్తానికి ఒకే లెక్కను ఏర్పరచేదాకా సాగింది.
• రద్దీకాలంలో, కుదించిన గడువుతో, అన్ని భాగాలనూ ఒకేసారి ప్రారంభించడం నష్టహేతువని హెర్షీ అనుభవం తెలుపుతోంది.
• రిజిస్టరుకు ఎక్కని అనుభవజ్ఞానం ప్రతి సంస్థలోనూ ఉంటుంది. అమలుకు ముందే దానిని గుర్తించి నమోదు చేయకపోతే, వ్యవస్థ ఎంత సమగ్రమైనదైనా దాని లెక్క అసంపూర్ణంగానే మిగులుతుంది.