ఊరుపేరు లేని తీగె

ఒంగోలునుండి పొదిలికి పోవు బాటలో చీమకుర్తి సమీపించుసరికి నల్లని ఱాతిదిమ్మలు కంటబడును. చీకటివంటి నలుపుపై బంగారుపొడి చల్లినట్లు చుక్కలు మెఱయు ఈ ఱాతిని వర్తకులు బ్లాక్ గెలాక్సీ యందురు. దానిని రేవులకు మోసికొనిపోవు భారీలారీలను గూర్చి చెప్పువారు చాలమంది కలరు. నేటి నా ప్రసంగము వాని వెనుక దుమ్ములో తిరుగు చిన్నబండ్లను గూర్చినది. క్వారీకి డ్రిల్లుబిట్లను, డీజిలు పీపాలను చేర్చునవి యివియే. కోతలకాలమున మిరపకాయల టిక్కీలను గుంటూరు యార్డునకు మోయునవియు నివియే. జనులు వీనిని పికప్పులని పిలుచుచున్నారు.

ఇట్టి బండి యొకటి పదునైదేండ్లు పనిచేసి, రెండుమూడు చేతులు మాఱి, ఒకనాడు మెకానిక్కు ముందర నిలిచినదనుకొనుడు. ఇంజనుప్రక్క తీగెలకట్టనుండి ఒక కొస వ్రేలాడుచున్నది. దాని చివర రెండు రంధ్రముల ప్లాస్టిక్కు మూతి కలదు. షెడ్డులలో దీనిని కప్లరందురు. దానికి జోడైన రెండవ ముక్క యెచ్చటను కానరాదు. బండి నడచుచునే యున్నది గాని పొగ నల్లబడినది, డీజిలు ఖర్చు పెరిగినది, ముందరి పంకా యెడతెగక తిరుగుచున్నది. ఈ తీగె దేనిది? కత్తిరించి టేపు చుట్టుట సులభము. కనబడిన మూతికెల్ల తగిలించి చూచుట యింకను సులభము. కాని 5 వోల్టుల కలవాటుపడిన తీగెలోనికి 12 వోల్టులు పోయినచో, ఇంజనును నడపు చిన్న కంప్యూటరు మాడిపోవును. పాతబండికి మిగిలియున్న విలువలో పెద్దపాలు దానిదే. మిరపకాయలు కల్లమునుండి కదలవలసిన దినములలో బండి షెడ్డులో నిలిచిపోయినచో, కిరాయిపై బ్రతుకు కుటుంబమునకు ఆ నష్టము నెవ్వరు పూడ్తురు?

కావున ఈ ప్రశ్న చిన్నదికాదు. ఇది మెకానిక్కు ప్రశ్నవలె కనబడినను నా యుద్దేశమున చరిత్రకారుని ప్రశ్న. శాసనము దొరికినపుడు దాని లిపిని, ఱాతిని, దొరికినచోటును చూచి కాలమును నిర్ణయింతుము గదా! తీగెకును అదియే మార్గము.

మొదట, డీజిలు ఇంజనుపై ఇన్ని తీగె లేల వచ్చినవో తెలియవలెను. రుడాల్ఫు డీజిలు 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గు నగరమున తన ఇంజను పనితనమును లోకమునకు చూపెను. అందు నిప్పురవ్వ యక్కఱలేదు. గాలిని గట్టిగా నొక్కినపుడు పుట్టు వేడిమియే నూనెను మండించును. 1927లో బాష్ కంపెనీవారు డీజిలును కొలిచి చిమ్ము పంపులను విరివిగా తయారుచేయ నారంభించిరి. ఆ పంపునకును తీగెతో పనిలేదు. ఒకసారి తిరిగిన పిమ్మట బ్యాటరీ నూడదీసినను ఇంజను తిరుగుచునే యుండును. 1951లో బెంగుళూరున మైకో స్థాపితమైన పిదప ఇట్టి పంపులు మనదేశముననే తయారగుచు వచ్చినవి. 1988లో టాటావారు విడుదలచేసిన టాటామొబైలు నాటి పికప్పులలో ఇంజనుపై తీగెలు వ్రేళ్ల లెక్కకు మించవు. స్టార్టరునకు, ఛార్జింగునకు, నూనె యొత్తిడి దీపమునకు, నీటివేడిమి ముల్లునకు తలకొకటి. చలిలో వేడిచేయు ప్లగ్గులకు మఱియొకటి.

బ్రిటిషు పద్ధతి ననుసరించిన బండ్లలో తీగెల రంగులకు నియమముండెను. నలుపు ఎర్తు, గోధుమరంగు బ్యాటరీనుండి నేరుగా వచ్చునది, తెలుపు తాళము త్రిప్పినపుడు జీవము పొందునది, ఆకుపచ్చ తాళము తరువాత ఫ్యూజు దాటి వచ్చునది. ఆకుపచ్చపై నీలిగీత యున్నచో నీటివేడిమి ముల్లునకు పోవును. జర్మనులు రంగులకు బదులు అంకెలను నమ్మిరి: 30 బ్యాటరీ, 15 తాళము, 31 ఎర్తు, 50 స్టార్టరు. ఇవి తెలిసినవాడు అరలాంతరు వెలుతురున సైతము బండిని చదువగలిగెడివాడు.

ఎర్తు అను మాటయు వింతయే. రబ్బరుచక్రములపై నిలిచిన బండికి భూమి యెక్కడిది? 1838లో స్టైన్‌హైల్ అను జర్మను పండితుడు, తంతివార్తకు రెండవ తీగె యక్కఱలేదనియు, విద్యుత్తు భూమిద్వారా మరలి రాగలదనియు కనుగొనెను. తంతివారి ఆ మాట మోటారువారికి సంక్రమించినది. భూమి పోయి ఇనుపచట్రము వచ్చినను పేరు మాత్రము నిలిచినది. ఒంటితీగె కప్లరు కనబడినపుడు ఈ సంగతి యుపకరించును. అది చాలవఱకు ఇంజనుశరీరము ద్వారానే విద్యుత్తును మరలించు పాతకాలపు స్విచ్చుది.

మన కప్లరున కున్నవి రెండు తీగెలు. ఇవి కంప్యూటరుకాలపు గుర్తులు. 1967లో బాష్‌వారి డీ-జెట్రానిక్ పద్ధతి ఫోక్స్‌వ్యాగన్ పెట్రోలుకార్లలో ప్రవేశించెను. 1986లో డీజిలునకును ఎలక్ట్రానిక్ కాపుదల వచ్చెను. 1997లో ఆల్ఫారోమియో 156 కారుతో కామన్ రైలు పద్ధతి బజారున కెక్కెను. ఇందు ఎప్పుడు, ఎంత డీజిలు చిమ్మవలెనో నిర్ణయించునది కంప్యూటరు. దానికి కన్నులు లేవు; సెన్సారులే దాని కన్నులు. అవి పుట్టించిన శాస్త్రము మాత్రము మోటారుకంటె ముసలిది. వేడెక్కినకొలది సిల్వరు సల్ఫైడు విద్యుత్తును మఱింత సులభముగా పోనిచ్చునని ఫారడే 1833లోనే గమనించెను. నేటి నీటివేడిమి సెన్సారు ఆ వంశములోనిదే. ఇరుసు తిరుగుడును లెక్కించు తీగెచుట్ట ఆయన 1831 నాటి పరిశోధనకు సంతానము. మూడుతీగెల సెన్సారులలో కొన్నిటికి 1879లో ఎడ్విన్ హాల్ కనుగొన్న ధర్మము ఆధారము.

ఇవి మన పికప్పులలోనికి వచ్చుటకు కారణము శాసనము. గాలిలో కలియు పొగకు హద్దులు పెట్టు భారత్ స్టేజి నియమములు 2000వ సంవత్సరమునుండి దశలవారీగా వచ్చినవి. శ్రోతలు ఇచ్చట నొకసంగతి గమనింపవలెను. మూడవ దశ హైదరాబాదు మొదలైన నగరములకు 2005లో వచ్చెను. ఒంగోలు, గుంటూరులకు దేశమంతటితోపాటు 2010లో వచ్చెను. నాలుగవ దశ హైదరాబాదుకు 2010లోను, దేశమంతటికి 2017లోను వర్తించెను. అనగా ఒకే పేరుగల పికప్పు ఒకేయేట హైదరాబాదున ఒక వైరింగుతోను, ఒంగోలున మఱియొక వైరింగుతోను అమ్ముడుపోయియుండవచ్చును! కావున మెకానిక్కు బానెట్టు లేపకముందే నంబరుపలక చూచుట మంచిది. ఏపీ 27 అన్నచో ప్రకాశము జిల్లాలో రిజిస్టరైన బండి. ఏపీ 09 మొదలు 13 వఱకు హైదరాబాదువి. చీమకుర్తి దుమ్ములో తిరుగుచున్నను దాని తీగెలు నగరపు తీగెలే కావచ్చును. ఛాసిస్ నంబరు, తయారైన నెల చూచినచో సందేహము ఇంకను తగ్గును. ఒక్కొక్కప్పుడు కంపెనీవారు పలురకముల బండ్లకు ఒకే తీగెలకట్టను వాడుదురు. ఏ.సీ. లేని బండిలో ఏ.సీ. కప్లరు పుట్టుకనుండియు ఒంటరిగా వ్రేలాడుట కలదు. జోడులేని కప్లరెల్ల ఊడిపోయినదే యని తలపరాదు.

ఇక పరీక్ష. పాతకాలపు బల్బును తీగెకు తగిలించి చూచు నలవాటు ఇచ్చట ప్రాణాంతకము. బల్బు లాగు విద్యుత్తును కంప్యూటరు సున్నితపుమార్గము భరింపలేదు. డిజిటలు మీటరే వాడవలెను. తాళము త్రిప్పి, ఇంజను నడపక, రెండు రంధ్రములను కొలువవలెను. ఒకదానిలో ఇంచుమించు 5 వోల్టులుండి, రెండవది ఎర్తుతో కలిసినచో, అది వేడిమి సెన్సారుదై యుండుట కెక్కువ యవకాశము కలదు. ఒకదానిలో 12 వోల్టులున్నచో సెన్సారు మాట మఱచి, వాల్వునో హీటరునో వెదకవలెను. కప్లరునకు మూడు తీగెలుండి, ఒకదానిలో 5, ఒకటి ఎర్తు, ఒకటి వార్త తెచ్చునది యైనచో ఒత్తిడి సెన్సారును తలపవచ్చును.

పిదప బ్యాటరీ నూడదీసి, కంప్యూటరు కప్లరును విప్పి, తీగెను ఈ కొసనుండి ఆ కొసకు వెంబడింపవలెను. ఇచ్చట కొత్తవారు మోసపోవుదురు. 5 వోల్టుల తీగెయు, ఎర్తు తీగెయు పెక్కు సెన్సారులకు ఉమ్మడిగా నుండవచ్చును. వానిని పట్టుకొని పోయినచో పది యిండ్లకు దారితీయును. వార్త తెచ్చు తీగె మాత్రము ఒక్క సెన్సారుకే చెందినది. సాక్షిగా దానినే విచారింపవలెను. రెండుతీగెల వేడిమి సెన్సారులో 5 వోల్టులు చూపునదియే ఆ తీగె. రంగులను పూర్తిగా నమ్మరాదు. పదునైదేండ్ల నూనె, ఱాతిదుమ్ము గోధుమరంగును ఎఱుపును ఒకటి చేయును. మునుపటి యజమాని చేతికందిన తీగెతో అతుకువేసియు నుండును. తీగె పొడవు అంతకంటె నమ్మదగిన సాక్షి. కట్టనుండి విడిన కొస ఎంతదూరము సాగునో, దాని వంపు ఏవైపు గట్టిపడినదో చూచినచో, అది పుట్టినింట ఎచ్చట నుండెనో తెలియును.

మన దృష్టాంతములో 5 వోల్టులు కనబడినవి. తీగె వంపు థర్మోస్టాటు వైపు తిరిగియున్నది. దుమ్ము తుడువగా అచ్చట విఱిగిన ప్లాస్టిక్కు మెడగల ఇత్తడి సెన్సారు బయటపడును. పంకా ఏల ఆగలేదో యిప్పుడు తెలియుచున్నది. తీగె తెగినపుడు కంప్యూటరు దానిని మహాశీతలముగా గ్రహించును. రోహిణికార్తె యెండలో నిలిచిన ఇంజను సున్నకు దిగువ 40 డిగ్రీలలో నున్నదని యెంచి డీజిలు నెక్కువగా చిమ్మవచ్చును. తరువాత ఆ కొలత అసంభవమని తెలిసికొని, ఇంజను కాగిపోవునేమో యని పంకాను ఆపక త్రిప్పును. క్రొత్త సెన్సారు కొనునపుడును మీటరుతో చూడవలెను. బాష్ రకపుది 20 డిగ్రీలవద్ద సుమారు 2500 ఓములు, 80 డిగ్రీలవద్ద సుమారు 320 ఓములు చూపును. కప్లరు లోపలి ఆకుపచ్చని చిలుమును గీకివేయక తగిలించినచో శ్రమ వ్యర్థము.

ఇంత వెదకులాట యేల, కంపెనీవారి వైరింగు పటము చూచినచో చాలదా యని యెవరైన నడుగవచ్చును. పటము దొరకినచో చాలును. దొరకకపోవుటయే తగాదా. 2014 ఆగస్టులో భారత పోటీ కమిషను 14 కార్ల కంపెనీలపై సుమారు 2,544 కోట్ల రూపాయల జరిమానా విధించెను. విడిభాగములను, పరీక్షాపరికరములను, సాంకేతిక పుస్తకములను బయటి మెకానిక్కులకు అందనీయకుండుట ఆ తీర్పులోని ముఖ్యాభియోగము. కంపెనీలు పైన్యాయస్థానముల కెక్కినవి. 2022 డిసెంబరు 24న కేంద్రప్రభుత్వము మరమ్మతు హక్కు కొఱకు ఒక పోర్టలును తెఱచెను. మోటారుబండ్లును అందు చేరినవి. నా మట్టుకు అది మంచి యారంభమే యని తోచును. కాని చేతులు మాఱిన పాతపికప్పు తీగెలపటము చిన్నషెడ్డువానికి తెలుగులో చేతికందువఱకు, విజయవాడ ఆటోనగరున విప్పి అమ్ము పాతబండి వైరింగును ప్రక్కన పఱచి పోల్చుటయే అతనికి గతి. పోల్చిన పిమ్మట తీగె రంగును, కంప్యూటరు పిన్ను అంకెను ఒక నోటుపుస్తకమున వ్రాసి, కప్లరునకు పేరుచీటీ కట్టి, బండిని యజమానున కప్పగించుచున్నాడు.