మెయిజీ ఫర్మానా, మహబూబ్ రాజ్యం, మన వెట్టి

జపాన్‌లో మెయిజీ చక్రవర్తి 1867 నుంచి 1912 దాకా ఏలిండు. మన దగ్గర ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ గద్దె మీదున్నది 1869 నుంచి 1911 దాకా. మహబూబ్‌నగర్ అనే పేరు ఆయనదే. జపాన్‌లో రైలు 1872లో మొదలైతే హైదరాబాద్ రాజ్యానికి 1874లో వచ్చింది. రెండింటినీ ఆధునికీకరణ కాలాలుగానే చరిత్రకారులు రాస్తరు. అయితే ఆ కాలంలో ఊరవతల ఉన్నోళ్లకు ఏం దక్కింది?

1871లో మెయిజీ ప్రభుత్వం 'ఎటా', 'హినిన్' అనే వెలి పేర్లను రద్దు చేసింది. ఎటాలంటే చచ్చిన పశువుల తోలు తీసి బతికేటోళ్లు, మన మాదిగల లెక్క. అంటరానితనం చట్టరీత్యా రద్దు కావడానికి మనం 1950 రాజ్యాంగం దాకా ఆగినం గనుక ఆ ఫర్మానాను తేలిగ్గా తీసిపారేయలేం. కానీ దాంతోపాటు భూమి ఇయ్యలేదు. పైగా తోలుపని మీదున్న పాత హక్కు పోయింది, పన్ను మినహాయింపూ పోయింది. పేరు మారింది గానీ పొట్ట మాడింది. 1873లో మిమసాకలో ఊరి రైతులే ఆ వాడల మీద పడి ఇండ్లు కాల్చిండ్రు, మనుషుల్ని చంపిండ్రు. కొన్నిచోట్ల జనాభా పుస్తకాల్లో 'కొత్త సామాన్యులు' అని రాసుకున్నరు. ఆ 'కొత్త' అన్న మాట చాలు, ఎవరో పోల్చుకోవడానికి!

మన దగ్గర అట్లాంటి ఫర్మానా కూడా లేదు. దివాన్ సాలార్‌జంగ్ 1865లో జిలాబందీ తెచ్చి, శిస్తు గుత్తలు తీసేసి, జిల్లాలకు తాలూక్‌దార్లను పెట్టిండు. గుత్త పోయిన దేశ్‌ముఖ్‌లకు నష్టపరిహారంగా రుసుం కట్టిచ్చిండ్రు. సర్వేలు వచ్చినంక కచేరీలో పలుకుబడి ఉన్నోడి పేరు మీదే పట్టా ఎక్కింది. కొత్త దఫ్తరం పాత దొరకే బలమైంది. నల్లగొండ పల్లెల్లో మాదిగ మోటతోలు, చెప్పులు ఊరికే కుట్టియ్యాలె. మాల బేగారి పిలుపు వస్తే అన్నం ముందు నుంచి లేచి పోవాలె. మా నార్కట్‌పల్లి దిక్కు ముసలోళ్లను 'నిజాం కాలం' గురించి అడిగితే నిజాం మాట రాదు, దొర మాటే వస్తది.

జపాన్ వెలివాడలు 1922 మార్చి 3న క్యోటోలో సుయిహైషా అనే సొంత సంఘం పెట్టుకున్నయి, ఫర్మానా వచ్చిన యాభై ఏండ్లకు. హైదరాబాద్‌లో భాగ్యరెడ్డివర్మ అంతకన్నా ముందే, మహబూబ్ చనిపోయిన 1911లోనే, మన్య సంఘం నడిపిండు. 1931 జనాభా లెక్కల్లో 'ఆది హిందువులు' అన్న పేరు ఎక్కింది ఆ పోరాటంతోనే. ఊళ్లల్లో వెట్టి ఆగడానికి మాత్రం 1940లలో సంఘం రావాల్సి వచ్చింది.