సి.కె. నాయుడు: భారత టెస్టు క్రికెట్ జట్టు తొలి సారథి

కొఠారి కనకయ్య నాయుడు 1895 అక్టోబరు 31న నాగపూర్‌లో ఒక తెలుగు కుటుంబంలో పుట్టారు. దేశమంతా ఆయన పేరు మార్మోగింది 1926 డిసెంబరులో. బొంబాయి జింఖానా మైదానంలో ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వంలోని ఇంగ్లండు ఎం.సి.సి. జట్టుపై హిందూ జట్టు తరఫున రెండు గంటలలోపే 153 పరుగులు చేశారు. అందులో 11 సిక్సర్లు! దొరల బౌలింగును ఒక భారతీయుడు అలా చితకబాదడం ఆనాటి ప్రేక్షకులకు ఆటను మించిన ఆనందం. భారత్‌కు టెస్టు హోదా దక్కడానికి ఆ ఇన్నింగ్స్ బలమైన సాక్ష్యమైంది.

1932 జూన్‌లో లార్డ్స్‌లో భారత్ ఆడిన తొలి టెస్టుకు ఆయనే కెప్టెన్. చేతికి గాయమైనా మొదటి ఇన్నింగ్స్‌లో 40 పరుగులతో జట్టులో అత్యధిక స్కోరు సాధించారు. మరుసటి ఏడాది క్రికెట్ వార్షిక గ్రంథం విజ్డెన్ ఆయనను మేటి అయిదుగురు క్రికెటర్లలో ఒకరిగా ఎంచింది. ఆడిన టెస్టులు ఏడే, పరుగులు 350. ఈ అంకెలతో ఆయనను కొలవడం అన్యాయం. తొలి టెస్టు ఆడేనాటికే వయసు ముప్పై ఆరు దాటింది.

దేశవాళీ క్రికెట్‌లో హోల్కర్ జట్టును రంజీ ట్రోఫీ విజేతగా నిలిపారు. యాభై ఏళ్ల వయసులో బరోడాపై 200 పరుగులు చేశారు. 1956లో పద్మభూషణ్ వచ్చింది. 1967 నవంబరు 14న ఇండోర్‌లో కన్నుమూశారు. దేశవాళీ యువజట్ల పోటీ నేటికీ ఆయన పేరుతోనే జరుగుతోంది.