సర్దార్ గౌతు లచ్చన్నగారి శాసనసభా జీవితము

కులసంఘముల మహాసభలలో పెద్దలను పొగడుట సులభము. వారు చేసిన పనిని తూచి చూచుట కష్టము. మే మీ వ్యాసమున రెండవదానికే పూనుకొనుచున్నాము. విజ్ఞులగు చదువరులును, సంఘపోషకులును దీనిని సావధానముగ పరికింతురుగాక.

ఉత్తరాంధ్రమున సముద్రతీరమందలి బారువ గ్రామమున, గీతవృత్తి జీవనాధారముగాగల కుటుంబమున, 1909 ఆగస్టు 16వ తేదీని లచ్చన్నగారు జన్మించిరి. మహాత్ముని పిలుపు నాలకించి చదువు విడిచి, 1930లో ఉప్పు సత్యాగ్రహమున పాల్గొని కారాగారమున కరిగిరి. ఆచార్య రంగాగారి శిష్యులై జమీందారీ రైతుల పక్షము వహించిరి. 1940 మార్చిలో పలాసయందు జరిగిన అఖిల భారత కిసాను సభకై పాటుపడినవారిలో వారు ముఖ్యులు. ప్రజలు వారిని ప్రేమతో సర్దారని పిలిచిరి. పిమ్మట సోంపేట ప్రజలు వారిని పలుమారులు శాసనసభకు పంపిరి.

వారి జీవితమునందలి పెద్ద చిక్కు మద్యనిషేధము. రాజాజీగారు 1937లో సేలము జిల్లాయందు ప్రారంభించిన యీ శాసనము 1948 నాటికి మదరాసు రాష్ట్రమంతటికిని వ్యాపించెను. దాని యుద్దేశము మంచిదే. త్రాగుబోతు నింట ఆలుబిడ్డలు పడు బాధ మనకు తెలియనిది కాదు. మన యిండ్లలోను అట్టి కన్నీరు గలదు. కాని తాతల నాటినుండి మోకు నడుమునకు దాల్చి, గీతకత్తితో తాడిచెట్టెక్కి పొట్టపోసికొనువాని గతి యేమి? తాటిబెల్లపు సహకారసంఘములు పెట్టిరి గాని, వానివలన అందరి కడుపులు నిండలేదు. నిన్నటి దాక సర్కారునకు పన్ను కట్టి లొట్టి దించినవాడు, నేడు అదే పనికి నేరస్థు డయ్యెను.

లచ్చన్నగారు గాంధీజీ యనుచరులు. నిషేధము గాంధీజీకి ప్రాణసమానమగు ధ్యేయము. అయినను వారు గీతపనివారి పక్షమునే నిలిచిరి. త్రాగుడును కొనియాడుటకు గాదు. వృత్తి తీసివేసిన ప్రభుత్వము బ్రతుకు చూపవలెనని యడుగుటకు. ఈ భేదమును గ్రహింపనివారు వారిని అపార్థము చేసికొనిరి.

1953 అక్టోబరు 1వ తేదీని కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్ర మేర్పడెను. ప్రకాశం పంతులుగారు ముఖ్యమంత్రి. నిషేధమును విచారించుటకు నియమింపబడిన రామమూర్తిగారి సంఘము దానిని ఎత్తివేయుట మేలని తెల్పెను. ప్రభుత్వ మా సలహాను గైకొనలేదు. గీతపనివారిలో అలజడి హెచ్చెను. 1954 నవంబరు 6వ తేదీని శాసనసభలో అవిశ్వాసతీర్మానము ఒకేయొక వోటు ఆధిక్యముచే నెగ్గి, మంత్రివర్గము కూలెను. అందు ప్రభుత్వమునకు ప్రతికూలముగ నిలిచినవారిలో లచ్చన్నగా రగ్రగణ్యులు. ఆంధ్రకేసరి వంటి త్యాగధనుని గద్దె దించుట చిన్న విషయము గాదు. నాటి పెద్దలు కొందరు దానిని కృతఘ్నత యనిరి. చెట్టు దిగి చేతులు ముడుచుకొన్నవాని కంటితో చూచిన, అది విధియే యని మాకు తోచుచున్నది.

ఫలమేమి యని యడుగుట న్యాయము. మంత్రివర్గము పడెను గాని నిషేధము వెంటనే తొలగలేదు. 1955లో బెజవాడ గోపాలరెడ్డిగారి మంత్రివర్గమున లచ్చన్నగారు చేరినను ఆ చట్టము నిలిచియే యుండెను. దీనిని మేము దాచము. అయినను గీతవాని యాకలి శాసనసభలో చర్చింపదగిన విషయమని, దానికై ప్రభుత్వములు సైతము కదలునని, ఆనాడు లోకమునకు తెలిసెను. అదియే వారి గెలుపు.

1959లో స్వతంత్రపార్టీ పుట్టగా, నిషేధమునకు ఆద్యులైన రాజాజీగారితోడనే వారొక పక్షమున నిలిచిరి. రాజకీయములందు పగ శాశ్వతము గాదనుట కిది తార్కాణము. 1967లో శ్రీకాకుళమునుండి లోకసభకు నెగ్గియు, ఆ స్థానమును విడిచి గురువగు రంగాగారి కవకాశము గల్పించిరి. ఆత్యయిక పరిస్థితిలో నిర్బంధింపబడిరి. 1978 పిదప శాసనసభలో ప్రతిపక్షనాయకులైరి. వెనుకబడిన తరగతుల హక్కులకై కడవరకు పోరాడి, 2006 ఏప్రిల్ 19వ తేదీని దివంగతులైరి. నాగావళిపై తోటపల్లి బ్యారేజికి వారి పేరిడబడినది.

సోదరులారా! పదవులు వారికి వచ్చినవి, పోయినవి. మంత్రిపీఠమున నున్నను, ప్రతిపక్షపు బల్లపై నున్నను వారడిగిన ప్రశ్న యొక్కటే: చట్టము చేయునపుడు దానివలన పస్తుండువా డెవడు? మన వోటు కోరి వచ్చువారిని మనమును ఆ ప్రశ్నయే యడుగవలెను. మన పిల్లలకు చదువు చెప్పించి, ఆ ప్రశ్నను సభలో నిలిచి యడుగగల ధైర్యము వారికి గల్గించితిమేని, సర్దారుగారి ఋణము కొంత తీర్చినవార మగుదుము.