రొట్టెల మిషనూ, అమ్మ చెయ్యీ

సింగపూర్ నుంచి మా ఆడపడుచు రొట్టెల మిషను తెచ్చింది. కనిగిరిలో అమ్మకి చూపిద్దామని మోసుకెళ్ళాను. నవ్వకండి, అందులో జొన్నపిండి పోశాను! మూత తీస్తే ఇటుక.

జపాన్‌లో మత్సుషితా కంపెనీ వాళ్ళకీ 1985 ప్రాంతంలో ఇదే అవస్థ. రొట్టె పైన మాడి, లోపల పచ్చిగా ఉండేదట. తనాకా ఇకుకో అనే ఆవిడ ఒసాకాలో ఓ హోటల్ రొట్టెల మేస్త్రీ దగ్గర చేరి, పిండిని మెలితిప్పుతూ సాగదీయడం నేర్చుకుంది. ఆ విద్యే 1987లో మిషనై అమ్మకానికొచ్చింది. అంటే అందులో తిరిగేదీ ఓ మనిషి చెయ్యేనన్నమాట!

గోధుమలో సాగే జిగురుంది; జొన్నలో లేదు. అందుకే అమ్మ మరిగే నీళ్ళు పోసి, మర్దించి, అరచేత్తో తట్టేది. ఇప్పుడా మణికట్టు వణుకుతోంది.

"పొయ్యి ముట్టించవే, నే చెప్తాగా," అంది.

నేను తట్టిన మొదటి రొట్టె మూడుచోట్ల చిరిగింది. అమ్మ తడిచేత్తో అతికి పెనం మీద వేయించి, అదే తినింది.