గడ్డకట్టడం అంటే మంచు ఒక్కటే కాదు

మేము బోస్టన్ దగ్గర ఉంటాం. నేను ఇంగ్లీషు మీడియంలో చదివాను, తెలుగు చదవడం ఈ వయసులో సొంతంగా నేర్చుకుంటున్నాను. "గడ్డకట్టు" అనే మాట నాకు మంచుతోనే పరిచయం. జనవరిలో ఇక్కడ చెరువులు గడ్డకడతాయి కదా.

ఒక ఆదివారం గుడి వంటగదిలో సేవ చేస్తున్నాను. ఇండియా నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, "కాలు వాచింది బాబూ. పోయినసారి ఇలాగే వాస్తే రక్తం గడ్డకట్టిందన్నారు" అన్నారు. చలి వల్ల అనుకుని నేను పరుగున దుప్పటి తెచ్చాను! ఆ మాట విన్న కోడలు వెంటనే హాస్పిటల్‌కి తీసుకెళ్లింది. రక్తం మళ్లీ గడ్డకట్టిందట. సమయానికి మందు పడింది, ఆవిడ కోలుకున్నారు.

ఆ రాత్రి మాటను విడదీసి చూశాను. గడ్డ అంటే ముద్దగా ఉన్నది: మట్టిగడ్డ, పెరుగుగడ్డ. కట్టు అంటే ఇక్కడ ఏర్పడటం: పాల మీద మీగడ కట్టింది, రాతి మీద నాచు కట్టింది. రెండింటిలోనూ చలి లేదు.

ఉండే అవకాశమూ తక్కువే. కోస్తా ఊళ్లలో చెరువు గడ్డకట్టదు. అక్కడివాళ్లు వడగళ్లు చూసి ఉంటారు, అంతే. పెద్ద మంచుగడ్డలు ఓడల్లో వచ్చాయి, అదీ మా మసాచుసెట్స్ నుంచే! ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వ్యాపారి ఇక్కడి చెరువుల మంచు కోయించి, రంపపు పొట్టులో పెట్టి పంపేవాడు. 1833లో బోస్టన్ నుంచి కలకత్తాకి 180 టన్నులు బయల్దేరితే, దారిలో కరిగినది పోగా సుమారు 100 టన్నులు చేరింది. మద్రాసులో 1842లో దాని కోసం ఐస్‌హౌస్ కట్టారు. ఆ భవనం ఇప్పటికీ ఉంది, పేరు వివేకానంద ఇల్లం. పదేళ్లకు, 1852లో, అదే మద్రాసులో బ్రౌన్ దొర తెలుగు నిఘంటువు అచ్చయింది.

కొత్త వస్తువు వచ్చింది, పాత మాటే సరిపోయింది.

వాడుక ఇలా గుర్తుపెట్టుకోండి:

నీళ్లు గడ్డకట్టాయి.
రక్తం గడ్డకట్టింది.
నెయ్యి పేరుకుంది. (గడ్డకట్టింది అన్నా తప్పు కాదు.)
పాలు తోడుకున్నాయి.

ఎవరైనా "గడ్డకట్టింది" అంటే, దుప్పటి కోసం పరుగెత్తకుండా ముందు "ఏది?" అని అడగండి.